నీతి ఉన్న చోటే పనిపై ప్రీతి

* సంబళం లెక్క తప్పితే నమ్మకం తప్పుతుంది
* నరసాపుర ఘటన సరిహద్దు జిల్లాలకు నేర్పిన పాఠం

కోలార్: తెల్లవారుజామున నాలుగున్నర. ముళబాగిలు, శ్రీనివాసపుర, బంగారుపేట పల్లెల్లో ఇంకా చీకటి వీడదు. అప్పటికే రోడ్డు మీదికి వచ్చేస్తారు మన పిల్లలు. మెడలో ఐడీ కార్డు, చేతిలో టిఫిన్ డబ్బా, కళ్లలో సగం నిద్ర. కంపెనీ బస్సు ఆగుతుంది. ఎక్కగానే తలుపు మూసుకుంటుంది. నరసాపుర, వేమగల్, మాలూరు పారిశ్రామిక వాడల వైపు బస్సులు వరుసగా సాగిపోతాయి.

పట్టు, పాలు, బంగారం.. ఒకప్పుడు కోలార్ జిల్లాకు ఈ మూడే పేరు. 2001 ఫిబ్రవరి 28న కేజీఎఫ్‌లో బంగారు గని మూతపడింది. వానలు మొహం చాటేశాయి. బోరు బావులు వెయ్యి అడుగులు దాటినా నీళ్లు పడని ఊళ్లున్నాయి. సేద్యాన్ని నమ్ముకున్న ఇంట్లో ఒక పిల్లాడికైనా నెల జీతం వస్తే చాలనుకునే రోజులు వచ్చాయి. ఆ సమయంలో బెంగళూరు-చెన్నై హైవే పక్కన వెలిసిన కంపెనీలే దిక్కయ్యాయి. 2013లో హోండా మోటార్ సైకిళ్ల ఫ్యాక్టరీ మొదలైంది. తర్వాత ఒక్కొక్కటిగా ఇంకొన్ని వచ్చాయి. ఆ వరుసలోనే వచ్చింది ఐఫోన్లు తయారుచేసే విస్ట్రాన్.

తైవాన్ కంపెనీ, అమెరికా ఫోను, మన ఊరి పక్కన ఉద్యోగం! ఐటీఐ, డిప్లొమా చదివినవాళ్లే కాదు, ఇంజినీరింగ్ పూర్తిచేసిన వాళ్లు కూడా క్యూ కట్టారు. ఇంత ఆశతో చేరినవాళ్లు ఏడాది తిరక్కుండానే కంపెనీ అద్దాలు పగలగొట్టే దాకా ఎందుకు వెళ్లారు? పనివాళ్లకు కంపెనీ మీద మనసు ఎప్పుడు నిలుస్తుంది, ఎప్పుడు విరుగుతుంది? ఈ ప్రశ్నకు జవాబు మేనేజ్‌మెంట్ పుస్తకాల్లో కంటే నరసాపురలోనే బాగా దొరుకుతుంది.

ఆ శనివారం ఏం జరిగింది?

2020 డిసెంబరు 12, శనివారం. రాత్రి షిఫ్టు దిగే వేళ. జీతం తక్కువ పడిందని, ఓవర్‌టైం డబ్బులు రాలేదని కొన్ని వారాలుగా గొణుగుతున్న కార్మికులు ఒక్కసారిగా తిరగబడ్డారు. అద్దాలు పగిలాయి. కుర్చీలు, కంప్యూటర్లు, సీసీ కెమెరాలు ధ్వంసమయ్యాయి. వాహనాలు బోర్లా పడ్డాయి. పోలీసులు వచ్చేసరికి జరగాల్సిన నష్టం జరిగిపోయింది. సుమారు 150 మందిని అరెస్టు చేశారు.

రూ.437 కోట్ల నష్టమని కంపెనీ తరఫున పోలీసులకు మొదట ఫిర్యాదు వెళ్లింది. కొద్ది రోజులకే తైవాన్ స్టాక్ ఎక్స్ఛేంజికి ఇచ్చిన వివరణలో మాత్రం 10 నుంచి 20 కోట్ల తైవాన్ డాలర్లని చెప్పారు. మన రూపాయల్లో అది సుమారు 26 కోట్ల నుంచి 52 కోట్లు. ఏ లెక్క తీసుకున్నా చిన్న మొత్తం కాదు. అయితే అసలు నష్టం అద్దాల్లో లేదు. ఏ ఊరివాళ్లు మా ఊరికి కంపెనీ వచ్చిందని మురిసిపోయారో, ఆ ఊళ్లలోకే పోలీసు జీపులు వచ్చాయి. ఇంటికో ఉద్యోగం అనుకున్న చోట కేసులు, బెయిళ్లు, వాయిదాలు మిగిలాయి.

విధ్వంసాన్ని ఎవరూ సమర్థించరు. చట్టం చేతుల్లోకి తీసుకున్నవాళ్లు దాని ఫలితం అనుభవించాల్సిందే. కానీ నిప్పు లేనిదే పొగ రాదు కదా! ఆ నిప్పు ఎక్కడ రాజుకుందో తర్వాత జరిగిన తనిఖీల్లో బయటపడింది.

లెక్క తప్పింది ఎక్కడ?

కర్ణాటక ఫ్యాక్టరీల శాఖ అధికారులు ప్లాంటును తనిఖీ చేసి నివేదిక ఇచ్చారు. అయిదు వేల మందికి అనుమతి ఉన్న చోట తక్కువ వ్యవధిలోనే కార్మికుల సంఖ్య పది వేలు దాటింది. వాళ్లలో కంపెనీ సొంత ఉద్యోగులు 1,343 మంది. కాంట్రాక్టు ఏజెన్సీల ద్వారా వచ్చినవాళ్లు 8,490 మంది. అంటే ప్రతి ఏడుగురిలో ఆరుగురు కంపెనీ గేటులోపల పనిచేస్తున్నా కంపెనీ మనుషులు కారు!

అక్టోబరులో పన్నెండు గంటల షిఫ్టులు మొదలయ్యాయి. అదే సమయంలో హాజరు వేసే యంత్రం సరిగా పనిచేయలేదు. ఎవరు ఎన్ని గంటలు చేశారో పక్కా లెక్క లేదు. లెక్క లేనప్పుడు జీతం ఎలా సరిగా పడుతుంది? ఇంజినీరింగ్ చదివిన తమకు నెలకు రూ.21 వేలని చెప్పి చేర్చుకున్నారని, తర్వాత అది రూ.16 వేలకు, ఆ తర్వాత రూ.12 వేలకు పడిపోయిందని కార్మికులు అప్పట్లో ఆరోపించారు. ఇంత పెద్ద సంఖ్యలో మనుషుల్ని చూసుకునే అనుభవం హెచ్‌ఆర్ విభాగానికి లేదన్నది కూడా తనిఖీల్లో తేలిన విషయమే.

వారం తిరిగేసరికి, డిసెంబరు 19న యాపిల్ స్పందించింది. పనిగంటల నిర్వహణ సరిగా లేకపోవడం వల్ల అక్టోబరు, నవంబరు నెలల్లో కొందరికి జీతాలు ఆలస్యమయ్యాయని ఒప్పుకుంది. విస్ట్రాన్‌ను ప్రొబేషన్‌లో పెట్టింది. తప్పులు సరిదిద్దుకునే దాకా కొత్త ఆర్డర్లు లేవని తేల్చేసింది. విస్ట్రాన్ కూడా కార్మికులకు క్షమాపణ చెప్పింది. భారత్ వ్యాపారాన్ని చూసే ఉపాధ్యక్షుణ్ణి తప్పించింది. కార్మికుల కోసం ఫిర్యాదుల హెల్ప్‌లైన్ పెడతామంది.

ఇక్కడొక్క మాట ఆలోచించాలి. హెల్ప్‌లైన్, క్షమాపణ, జీతాల సవరణ.. ఇవన్నీ డిసెంబరు 12 తర్వాత వచ్చాయి. నవంబరులోనే వచ్చి ఉంటే? ఒక్క కిటికీ దగ్గర కూర్చుని, ‘నీ హాజరు ఇంత, నీ ఓటీ ఇంత, ఇదిగో తేడా, ఫలానా తేదీకి వేస్తాం’ అని చెప్పే మనిషి ఒకరుంటే? అద్దాలు పగిలేవి కావేమో.

కోలార్‌కు ఇది పాత కథే

హాజరు గొడవ ఈ జిల్లాకు కొత్త కాదు. పెద్దవాళ్లను అడిగితే కేజీఎఫ్ కథలు చెబుతారు. తెల్లదొరల కంపెనీ నడిపిన ఆ గనుల్లో చిత్తూరు వైపు నుంచి వెళ్లిన తెలుగువాళ్లు, ఆర్కాటు వైపు నుంచి వచ్చిన తమిళులు పక్కపక్కన పనిచేశారు. 1930లో కార్మికులందరి వేలిముద్రలు తీసుకుని నమోదు చేయాలని యాజమాన్యం నిర్ణయించింది. దాని మీద గనులన్నీ భగ్గుమన్నాయి. మూడు వారాల పాటు సమ్మె సాగింది.

వేలిముద్ర వేస్తే చెయ్యి అరిగిపోతుందా అని దొరలు అనుకుని ఉండొచ్చు. కార్మికులకు మాత్రం అది అవమానం. మమ్మల్ని దొంగల్లా చూస్తున్నారన్న బాధ. తొంభై ఏళ్ల తర్వాత, అదే జిల్లాలో, యాభై కిలోమీటర్ల లోపు దూరంలో ఇంకో హాజరు యంత్రం చిచ్చు పెట్టింది. అప్పుడు మమ్మల్ని అనుమానిస్తున్నారని కోపం. ఇప్పుడు మా పనిని లెక్కలోకే తీసుకోవడం లేదని కోపం. రెండు చోట్లా అడిగింది ఒకటే.. మమ్మల్ని మనుషులుగా చూడండి, న్యాయంగా చూడండి.

మనసు పెట్టడం అంటే?

కంపెనీల్లో ఇప్పుడు తరచూ వినిపించే మాట ‘ఎంప్లాయీ ఎంగేజ్‌మెంట్’. మన భాషలో చెప్పాలంటే పనిలో మనసు పెట్టడం. పంచ్ కొట్టి లోపలికి రావడం వేరు, మనసుతో రావడం వేరు. గంట కొట్టగానే స్క్రూ డ్రైవరు వదిలేసేవాడు ఒకడు. పక్కవాడి లైనులో తేడా కనిపిస్తే ‘సార్, ఇది చూడండి’ అని చెప్పేవాడు ఇంకొకడు. రెండోవాడు ఏ కంపెనీకైనా బంగారం.

ఈ విషయాన్ని మొదట శాస్త్రీయంగా పరిశీలించినవాళ్లలో అమెరికా పరిశోధకుడు విలియం కాన్ ఒకరు. 1990లో ఆయన చెప్పిన మూడు మాటలు ఇప్పటికీ పాతబడలేదు. చేసే పనికి అర్థం ఉందనిపించాలి. నోరు విప్పితే ముప్పు రాదన్న ధైర్యం ఉండాలి. పని చేయడానికి ఒంట్లో, మనసులో శక్తి మిగలాలి. ఈ మూడింటిని నరసాపురకు అన్వయించి చూడండి. ప్రపంచమంతా వాడే ఫోను తయారుచేస్తున్నామన్న గొప్ప ఉంది. కాబట్టి అర్థానికి కొదవ లేదు. కానీ అడిగితే ఏజెన్సీ తీసేస్తుందేమోనన్న భయం. పన్నెండు గంటల షిఫ్టు, పోను రాను బస్సులో ఇంకో రెండు మూడు గంటలు. ధైర్యం లేదు, శక్తి లేదు. మనసు ఎలా నిలుస్తుంది?

అదే 1990లో జెరాల్డ్ గ్రీన్‌బర్గ్ అనే మరో పరిశోధకుడు ఒక ఆసక్తికరమైన సంగతి బయటపెట్టాడు. అమెరికాలో ఒక కంపెనీకి ఆర్డర్లు తగ్గాయి. రెండు ఫ్యాక్టరీల్లో పది వారాల పాటు జీతాలు 15 శాతం కోశారు. ఒక చోట పెద్దాయనే వచ్చి గంటన్నర కూర్చున్నాడు. ఎందుకు కోయాల్సి వచ్చిందో లెక్కలు చూపించి, ఎవరినీ ఉద్యోగం నుంచి తీయకుండా ఉండటానికే ఇలా చేస్తున్నామని చెప్పి, బాధపడ్డాడు. రెండో చోట పావుగంటలో ముక్తసరిగా చెప్పి వెళ్లిపోయారు. జీతం కోత రెండు చోట్లా ఒకటే. కానీ రెండో ఫ్యాక్టరీలో సామాన్ల దొంగతనాలు బాగా పెరిగాయి. ఉద్యోగం మానేసిన వాళ్లలో ఎక్కువమంది అక్కడివాళ్లే.

చూశారా! డబ్బు తగ్గడం ఒక్కటే మనిషిని విరిచేయదు. చెప్పకుండా తగ్గించడం, అడిగితే మొహం తిప్పుకోవడం విరిచేస్తాయి.

మన దేశంలోనూ ఇలాంటి పరిశీలనే జరిగింది. గార్మెంట్ ఫ్యాక్టరీల్లో జీతాల పెంపు అనుకున్నంత లేక కార్మికులు నిరాశపడిన సమయంలో, లాటరీ పద్ధతిలో కొందరిని ఎంపిక చేసి, పేరు బయటపెట్టకుండా అభిప్రాయాలు అడిగారు. పని ఎలా ఉంది, సూపర్‌వైజర్ ఎలా చూస్తున్నాడు, సంతృప్తి ఉందా అని. అంతే, జీతం ఒక్క రూపాయి పెంచలేదు. అయినా అడిగించుకున్నవాళ్లలో ఉద్యోగం మానేయడం, సెలవులు పెట్టడం తగ్గాయి. ఎక్కువ నిరాశపడ్డవాళ్లలోనే ఈ మార్పు ఎక్కువగా కనిపించింది. 2022లో ఈ అధ్యయనం అచ్చయింది. ‘ఎలా ఉన్నావప్పా’ అని అడగడానికి ఖర్చేముంది?

అయితే ఒక హెచ్చరిక. అడిగి వదిలేస్తే అడక్కపోవడం కంటే అన్యాయం. సలహాల పెట్టె గోడకు తగిలించి తాళం చెవి పారేసే కంపెనీలు మన చుట్టూ తక్కువేమీ కాదు.

ఎవరి మనిషివి నువ్వు?

కాంట్రాక్టు వ్యవస్థలో అసలు చిక్కు ఇక్కడే ఉంది. ఒక కుర్రాడు ఉన్నాడనుకుందాం. ఊరు ముళబాగిలు పక్కన. ఇంట్లో తెలుగు, బడిలో కన్నడం, లైనులో కన్నడం, హిందీ కలిపి మాట్లాడతాడు. జీతం తక్కువ పడింది. సూపర్‌వైజర్‌ను అడిగాడు. ‘నాకేం తెలుసు, ఏజెన్సీ వాళ్లను అడుగు’ అన్నాడాయన. ఏజెన్సీకి ఫోన్ చేశాడు. ‘కంపెనీ నుంచి హాజరు రాలేదు’ అన్నారు. హెచ్‌ఆర్ దగ్గరికి వెళ్లాడు. ‘నువ్వు మా రోల్స్‌లో లేవు’ అని జవాబు. ముగ్గురూ అబద్ధం చెప్పలేదు. కానీ ముగ్గురిలో ఒక్కరూ బాధ్యత తీసుకోలేదు.

నీతి అంటే గోడ మీద ఫ్రేము కట్టించిన విలువల పట్టిక కాదు. ఈ కుర్రాడికి జవాబు ఎవరు చెబుతారన్నదే నీతి. రూపాయల్లో చూస్తే ఇంకా తేలిగ్గా అర్థమవుతుంది. నెల జీతం రూ.15,600 అనుకుందాం. 26 రోజులకు భాగిస్తే రోజుకు 600. ఎనిమిది గంటలకు భాగిస్తే గంటకు 75. ఓవర్‌టైంకు రెట్టింపు కాబట్టి గంటకు 150. నెలలో 40 గంటలు అదనంగా చేస్తే రావాల్సింది 6 వేలు. కంపెనీ పుస్తకాల్లో ఈ 6 వేలు కనిపించని చిన్న చుక్క. ఆ ఇంట్లో మాత్రం అది అమ్మ మందులు, చెల్లెలి కాలేజీ ఫీజు, స్వసహాయ సంఘం కంతు.

శ్రీపెరుంబుదూరులోనూ అంతే

సరిగ్గా ఏడాది తర్వాత, 2021 డిసెంబరులో, ఇదే హైవే అవతలి కొసన ఇంకో ఘటన. తమిళనాడులోని శ్రీపెరుంబుదూరు దగ్గర ఐఫోన్లు తయారుచేసే ఫాక్స్‌కాన్‌లో పనిచేసే అమ్మాయిలు ఉండే హాస్టల్లో భోజనం విషమైంది. 159 మంది ఆసుపత్రి పాలయ్యారు. తోటివాళ్లు ఏమయ్యారో చెప్పేవాళ్లు లేక వదంతులు లేచాయి. వందలాది అమ్మాయిలు రాత్రికి రాత్రి చెన్నై-బెంగళూరు రహదారి మీద బైఠాయించారు. హాస్టల్ గదులు, భోజనశాలలు కొన్ని తమ ప్రమాణాలకు తగ్గట్టు లేవని యాపిల్ ఒప్పుకుని, ఆ ప్లాంటునూ ప్రొబేషన్‌లో పెట్టింది. మళ్లీ తలుపులు తెరిచింది 2022 జనవరి 12న.

ఫ్యాక్టరీ లోపల మెరిసే నేల, దుమ్ము లేని గది. హాస్టల్లో ఒకే గదిలో కుక్కిన మనుషులు. ఫోనుకిచ్చిన మర్యాద మనిషికి ఇవ్వకపోతే ఏమవుతుందో ఈ రెండు ఘటనలూ చూపించాయి. రెండు చోట్లా బద్దలైంది ఒక్క రోజులో కాదు. చిన్నచిన్న ఫిర్యాదులు చాలా రోజులుగా లోపలే కూరుకుపోయాయి. పై అధికారుల దాకా వెళ్లే దారి లేక రోడ్డు మీదికొచ్చాయి.

చేతులు మారింది.. పాఠం మారలేదు

నరసాపుర ప్లాంటు 2021లో మళ్లీ పనిలోకి వచ్చింది. 2023 అక్టోబరులో దాన్ని టాటా గ్రూపునకు అమ్ముతున్నట్లు విస్ట్రాన్ ప్రకటించింది. ధర 12.5 కోట్ల డాలర్లు. దేశంలో ఐఫోన్లు తయారుచేసే తొలి భారతీయ కంపెనీగా టాటా ఎలక్ట్రానిక్స్ నిలిచింది. ఇటు హోసూరు దగ్గర కూడా ఆ సంస్థకు పెద్ద ప్లాంటు ఉంది. అక్కడా చుట్టుపక్కల పల్లెల్లో తెలుగిళ్లకు లెక్కలేదు. కృష్ణగిరి, కోలార్, కుప్పం, వి.కోట.. రాష్ట్రాలు మూడైనా పనికి వెళ్లే పిల్లల కష్టం ఒకటే.

కాబట్టి ఇది ఒక్క కంపెనీ కథ కాదు. పేరు మారుతుంది, బోర్డు మారుతుంది. హాజరు సరిగా పడటం, చెప్పిన జీతం చెప్పిన తేదీకి రావడం, అడిగితే మర్యాదగా జవాబు దొరకడం.. ఈ మూడూ ఏ బోర్డు కిందైనా ఉండాల్సిందే. అవి ఉంటే ఉద్యోగి కంపెనీని ‘మా కంపెనీ’ అంటాడు. లేకపోతే ‘ఆ కంపెనీ’ అంటాడు. ఆ ఒక్క మాట తేడాలోనే ఉంది ఎంగేజ్‌మెంట్ అంతా.

ఇవి తెలుసుకోండి

దేశంలో నాలుగు కొత్త కార్మిక కోడ్‌లు 2025 నవంబరు 21 నుంచి అమల్లోకి వచ్చాయి. ఉద్యోగులు, వాళ్ల ఇంటివాళ్లు గుర్తుంచుకోవాల్సినవి ఇవీ..

* నియామక పత్రం: చేరేటప్పుడు రాతపూర్వకంగా ఇవ్వాలి. నోటి మాట జీతాన్ని నమ్ముకోవద్దు.
* జీతం తేదీ: నెల జీతం మరుసటి నెల 7వ తేదీ లోపు పడాలి.
* ఓవర్‌టైం: మామూలు రేటుకు రెట్టింపునకు తగ్గకూడదు.
* జీతం చీటీ: ఇవ్వాల్సిన బాధ్యత యజమానిదే. రోజులు, ఓటీ గంటలు, పీఎఫ్ కోత సరిచూసుకోండి.
* కాంట్రాక్టు కార్మికులు: కాంట్రాక్టరు జీతం ఎగ్గొడితే అసలు కంపెనీయే చెల్లించాలి. ‘మా రోల్స్‌లో లేవు’ అన్న జవాబు చెల్లదు.
* ఫిర్యాదుల కమిటీ: 20 మంది, అంతకు మించి కార్మికులున్న చోట తప్పనిసరి. సభ్యుల్లో సగం మంది కార్మికుల ప్రతినిధులే ఉండాలి.
* మహిళలు: పది మంది, అంతకు మించి పనిచేసే చోట లైంగిక వేధింపుల ఫిర్యాదులకు అంతర్గత కమిటీ ఉండాలని 2013 చట్టం చెబుతోంది.
* ఉద్యోగం మానేస్తే: రావాల్సిన జీతం రెండు పనిదినాల్లో ఇచ్చేయాలి.

ఇంకో చిన్న సలహా. లోపలికి వెళ్లిన వేళ, బయటికొచ్చిన వేళ ఒక చిన్న డైరీలో రాసుకోండి. యంత్రం మొరాయించిన రోజు ఆ డైరీయే సాక్ష్యం. కోపం వస్తే రాయి పట్టుకోవద్దు, కాగితం పట్టుకోండి. నలుగురు కలిసి రాతపూర్వకంగా ఫిర్యాదు చేయండి. ఒక నకలు దగ్గర పెట్టుకోండి. కమిటీ పట్టించుకోకపోతే కార్మిక శాఖ ఆఫీసు ఉంది. నరసాపురలో రాళ్లు పగలగొట్టింది అద్దాలనే కాదు, కొన్ని ఇళ్ల ఆశల్ని కూడా.

కంపెనీలకూ ఒక మాట. ఈ జిల్లా పిల్లలు కష్టానికి వెనకాడేవాళ్లు కాదు. వాళ్ల తాతలు నేలలో మూడు కిలోమీటర్ల లోతుకు దిగి బంగారం తవ్వినవాళ్లు. వాళ్లు అడిగేది ఉగాది బోనస్సో, సెలవు రోజు విందో కాదు. చేసిన పనికి సరైన లెక్క. పొద్దున నాలుగున్నరకు చీకట్లో బస్సు ఎక్కిన పిల్ల, రాత్రి ఇంటికొచ్చి ‘సంబళం పడిందమ్మా, లెక్క సరిగ్గా ఉంది’ అని చెప్పగలిగితే చాలు. మర్నాడు ఆ బస్సు ఎక్కడానికి ఎవరూ లేపాల్సిన పని ఉండదు.